నాగక్క నేర్పిన మర్యాద

కోడుమూరుకు కిందుగా, హంద్రి ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో నాగక్కది గొప్ప ఉద్యోగం. జీతం లేదు, కుర్చీ లేదు. కూలికి పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమె గడప ముందు దించి, మాపటికి ఇన్ని జొన్నలు పోసి ఎత్తుకుపోయేవారు.

నడక రాని బిడ్డను చాపిన కాళ్ల మీద కూర్చోబెట్టుకుని ఆమె "ఉస్స్" అంటే, ఎంతటి మొండిఘటమైనా ఆజ్ఞ శిరసావహించేది. నడక వచ్చాక ఏటి చదువు. ఊరు నీళ్లు తోడుకునే చెలమలు ఇసుకలో పైన ఉండేవి. వాటికి బాగా దిగువన, మలుపు దగ్గర పిల్లలు దొడ్డికి కూర్చునే తావు. కూర్చునే ముందు పగిలిన కుండ బోకిపెంకుతో గుంత తీయాలి. లేచాక పూడ్చాలి. పూడ్చి, చేత్తో సాపు చేయాలి.

"పిల్లికుండే బుద్ధి మీకు లేకుంటే ఎట్లరా?" అనేది నాగక్క.

పెద్దమనుషులు చెంబు పక్కన పెట్టుకుని రస్తా వారనే కూర్చునే రోజులవి. ఆ ఊరి నాగరికత మొత్తం ఐదేళ్ల లోపువారి దగ్గరే ఉండేది.

యాభైరెండులో వాన మొగం చాటేసింది. పై చెలమలు ఒక్కొక్కటే అడుగంటాయి. ఊరి పెద్ద, పెద్ద ఈరన్న, ఇసుక తవ్విస్తూ తవ్విస్తూ దిగువకొచ్చి, మలుపు దగ్గర తడి తగిలిందన్నాడు.

నాగక్క పరుగెత్తింది. "ఈడొద్దు ఈరన్నా. పిల్లోళ్లు కూచునే తావప్పా ఇది."

ఈరన్న పిడికెడు ఇసుక తీసి వాసన చూశాడు. "యాడుండాది నాగక్కా? చూపించు."

ఆమె వంగి గీరింది. నాలుగు చోట్ల గీరింది. ఆరేళ్లుగా నేర్పిన చదువు, ఆనవాలు దొరకలేదు.

"నీ బళ్లో పిల్లోళ్లు శానా బాగా చదివినారులే," అన్నాడు పుల్లన్న, పార మీద గడ్డం ఆనించి. తవ్వేవాళ్లంతా నవ్వారు.

"నవ్వుతాండారు గానీ, ఈ నీళ్లు తాగితే బిడ్డలు బతకరు."

"తాగకుంటే బతుకుతారా?" అన్నాడు ఈరన్న.

మాపటికి ఊరంతా ఆ కొత్త చెలమ నీళ్లే తోడుకుంది.

ఆనాటి నుంచి నాగక్క రెండు మైళ్ల అవతలి బావికి నడిచి, రోజుకొక కడవ మోసుకొచ్చింది. తన గడపలో ఉన్నంతసేపు ఏడుగురు పిల్లలకూ ఆ నీళ్లే. మాపున తల్లులు ఎత్తుకుపోయాక వాళ్ల దాహం ఆమె చేతిలో లేదు.

పదోనాటికి వాంతిభేది దిగింది. ఏడుగురిలో ముగ్గురు పోయారు. వాళ్లలో ఒకతె సంతోషమ్మ కూతురు, చివరిరోజు ఆ పిల్లకు లేచే సత్తువ లేదు. పక్కలోనే దొడ్డికి పోవడానికి సిగ్గుపడి, నాగక్క వేలు పట్టుకుని పెంకు అడిగింది.

"ఈడనే పోమ్మా, ఏం కాదు," అంది నాగక్క. ఆ పిల్ల జీవితంలో గురువు మాట వినలేదంటే ఆ ఒక్కసారే.

పసివాళ్లను పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన ముండ్లకంప వేశారు.

మిగిలిన నలుగురినీ నాగక్క ఏటి దిక్కు పోనివ్వలేదు. ఊరవతల రాళ్లచేనికి తీసుకెళ్లింది. గుంత తీయించింది, పూడ్పించింది. సాపు చేయబోయిన చేతిని పట్టి ఆపి, పైన ఒక తుమ్మకొమ్మ గుచ్చమంది.

దారిన పోతూ పెద్ద ఈరన్న నిలబడ్డాడు. "ఏం నాగక్కా, గలీజుకు గుర్తులు పెట్టిస్తాండావే?"

"పెట్టనీప్పా," అంది నాగక్క, తల ఎత్తకుండా. "రేపు నీవు ఈడ గూడా తవ్వుతావు."