కుక్కల పార్కులో కుక్కలకు ప్రవేశం లేదు

రత్నకుమారి జీవితంలో ఒక్క రూలు కూడా తప్పలేదు. ఇది పొగడ్తో ఫిర్యాదో చిల్కానగర్‌లో ఎవరూ ఇంకా తేల్చుకోలేదు. ఉప్పల్ చౌరస్తాలో జనమంతా బస్సుల మధ్య నుంచి దూరి అవతలికి పోతుంటే, ఆవిడ కొత్తిమీర కట్ట కోసమైనా స్కైవాక్ మెట్లన్నీ ఎక్కి దిగేది. రైల్వేలో క్లెయిముల సెక్షన్‌లో పనిచేసి రిటైరైంది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు "సెలవు దొరకలేదండీ" అని చెప్పేది. నవ్వులాటకు కాదు, నిజంగానే.

రిటైరైన రోజున ఆఫీసు వాళ్లు శాలువా కప్పి, ఓ అట్టపెట్టె చేతిలో పెట్టారు. గోడ గడియారం కాబోలు అనుకుంటూ ఇంటికొచ్చి విప్పితే, లోపల లాబ్రడార్ పిల్ల ఆవులించింది. దానికి బాబ్జీ అని పేరు పెట్టింది. కుక్కకు ఆ పేరేమిటి అంటారా? ఆవిడ ఎప్పట్నుంచో దాచుకున్న పేరది. మనుషుల్లో ఎవరికీ పెట్టే అవకాశం రాలేదు మరి.

ఆ బాబ్జీకి ఇప్పుడు పదకొండేళ్లు. గొలుసు లేకుండా ఒక్క అడుగు వేసి ఎరగడు. వీధిలో కుక్కను గొలుసుతోనే నడిపించాలన్నది రూలు. లిఫ్టులో కుక్కల్ని ఎక్కించకూడదన్నది అపార్ట్‌మెంటు వాళ్ల రూలు. అందుకని రోజూ మూడో అంతస్తు నుంచి మెట్ల మీదే దిగడం, మెట్ల మీదే ఎక్కడం. ముందు బాబ్జీ, వెనక రొప్పుతూ రత్నకుమారి. ఈ మధ్య వరస మారింది, వాడే వెనకబడుతున్నాడు.

"తుంటి కీళ్లు అరిగిపోయాయమ్మా," అన్నాడు పశువుల డాక్టరు. "మట్టి నేల మీద గొలుసు తీసి వదలండి. వాడు పరిగెత్తాలంటే ఈ ఏడాదే. ఆ తర్వాత మనమే మోయాలి."

రత్నకుమారి లెక్క వేసుకుంది. పదకొండేళ్లుగా పక్కన నడిచాడే గాని, వాడు పరిగెత్తడం తను ఒక్కసారీ చూడలేదు. ఎలాగైనా చూసి తీరాలనుకుంది.

అట్లా మొదలైంది కుక్కల పార్కు.

నాచారం వైపు లేఅవుట్‌లో పార్కు కోసం వదిలేసిన జాగా ఒకటి ఉంది. పార్కు తప్ప అన్నీ ఉండేవి అందులో: సర్కారు తుమ్మ, పగిలిన కమోడ్లు, బీరు సీసాలు, ఎవరిదో సగం సోఫా. దాన్ని బాగుచెయ్యడానికి ఆదివారాలు రత్నకుమారితో పాటు వాలంటీర్లు దిగారు. వాళ్లలో ముఖ్యుడు నాగేందర్. ఉప్పల్ పాత ఊరివాడు, హార్డ్‌వేర్ దుకాణం. వాళ్లింట్లో రాట్‌వైలర్ జాతి కుక్క ఉంది. పెంచేది ఆయనే అయినా, భయపడేది కూడా ఆయనే. "రాణమ్మా, జర పక్కకు జరుగున్రి," అని దాన్ని బతిమాలుకుని గాని తన సోఫాలో తను కూర్చోలేడు. ఇక రెండోవాడు హృషికేశ్, రిటైరైన సైంటిస్టు. ఆయనకు కుక్క లేదు. ప్రెసిడెంటు పదవి ఖాళీగా ఉందని తెలిసి వచ్చాడు.

ఏదైతేనేం, రెక్కలు ముక్కలు చేసుకున్నారు. తుమ్మ కొట్టారు, కంచె వేశారు. కుక్కలు దూరడానికి నాగేందర్ పెద్ద సిమెంటు పైపు తెచ్చి సొరంగంలా పడుకోబెట్టాడు. ఎగిరి దూకడానికి టైర్లు పాతారు, ఎక్కి దిగడానికి చెక్కతో వారధి కట్టారు. రత్నకుమారి మాత్రం ఆఫీసులో అనుమతి వచ్చేదాకా ప్రారంభం వద్దంటే వద్దంది.

ఆ ఆఫీసు ఏదని అడక్కండి. అన్ని ఆఫీసుల్లాంటిదే. వాళ్ల ఫైళ్లలో కుక్కల పార్కు అనే రకమే లేదట. "మామూలు పార్కు కింద రాయించుకోండి, పనైపోతుంది," అన్నారు. సరే, రాయించుకున్నారు. వారంలో రెండు వచ్చాయి. ఒకటి, అన్ని పార్కులకూ పెట్టే బోర్డు: పూలు కోయరాదు, చెత్త వేయరాదు, కుక్కలకు ప్రవేశం లేదు. రెండోది, ఆ బోర్డును అమలు చెయ్యడానికి గండయ్య అనే వాచ్‌మన్.

పూలు ఎలాగూ లేవు కాబట్టి ఆ రూలుతో పేచీ రాలేదు. పేచీ అంతా కుక్కలతోనే.

"నేనేం జేయాలె మేడం?" అన్నాడు గండయ్య, గేటుకు అడ్డంగా నిలబడి. "కిందటి పార్కుల పోరగాండ్లు క్రికెట్ ఆడితె నన్ను పీకేసిన్రు. గీ నౌకరి గూడ పోతె నేనేడికి పోవాలె?"

"అరే అన్నా, గిది కుక్కల పార్కే!" అని నాగేందర్ నెత్తి కొట్టుకున్నాడు.

"అయితె బోర్డు మీద గట్లెందుకున్నది?"

ప్రెసిడెంటుతో సహా అందరూ మళ్లీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. చివరికి ఒక సారు స్కూటర్ మీద తనిఖీకి వచ్చాడు. చుట్టూ చూశాడు. పార్కులో ఒక్క కుక్క కూడా కనబడలేదు, కాబట్టి కుక్కల కోసం బోర్డు మార్చాల్సిన అవసరం లేదని తేల్చేశాడు.

"రానిస్తేగా సార్ కనబడేది!" అన్నాడు హృషికేశ్.

"వస్తే రూలు తప్పినట్టు కదండీ. రూలు తప్పినవాళ్ల కోసం రూలు మారుస్తామా?"

ఆ వాదనలో ఎంత వెతికినా తప్పు దొరకలేదు రత్నకుమారికి. క్లెయిముల సెక్షన్‌లో ఉండగా తనైనా అదే రాసేది.

ఇక ఖాళీగా ఉంచడమెందుకని మనుషులే వాడుకోవడం మొదలుపెట్టారు. పొద్దున్నే నవ్వుల క్లబ్బు పెద్దమనుషులు వచ్చి చెక్క వారధి ఎక్కి దిగుతున్నారు. మోకాళ్లకు మంచిదట. హృషికేశ్ ఓ రోజు సొరంగంలో దూరి మధ్యలో ఇరుక్కుపోతే, నాగేందర్ కాళ్లు పట్టి బయటికి లాగాడు. కుక్కలున్నవాళ్లు మాత్రం కంచె అవతల గొలుసులు పట్టుకుని నిలబడి, తాము కట్టిన పార్కును చూసుకుని పోతున్నారు. బాబ్జీ వైరు జాలీకి ముక్కు ఆనించి, లోపలి మట్టి వాసన పీల్చేవాడు. రత్నకుమారి గొలుసు లాగకుండా, వాడు చాలించేదాకా నిలబడేది.

ఇంతలో ఓ సాయంత్రం లోపల నాలుగు గల్లీ కుక్కలు దుమ్ము రేగేలా ఆడుకుంటున్నాయి. గండయ్య కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"మరి అవి కుక్కలు కావా?" అంది రత్నకుమారి, వాటివైపు వేలు చూపిస్తూ.

"అవ్వి సొంతంగ వచ్చినయ్ మేడం. వాటికి సదువొస్తదా, బోర్డు సదువనీకి? సదువొచ్చినోళ్లు తోలుకొచ్చిన కుక్కలకే రూలు." గండయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీకొక మాట జెప్తా. గొలుసు తీసేసి, గిది నా కుక్క గాదు అని జెప్పున్రి. ఇగ అది ఎవలిదో నాకేం ఎరుక? లోపటికి పోతె పోనీ అంట."

"ఛీ! పెంచిన నోటితో ఆ మాట ఎలా అంటానయ్యా?" అని రత్నకుమారి గిరుక్కున వెనుదిరిగింది. దారంతా బాబ్జీతో, "వాడి మాటలకేం గాని, నువ్వు పట్టించుకోకు," అని చెబుతూనే ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున రెండో అంతస్తు మెట్ల దగ్గర బాబ్జీ వెనక కాళ్లు మడతపడిపోయాయి. అరవలేదు. తప్పు చేసినవాడిలా చెవులు వాల్చి ఆవిడ మొహంలోకి చూశాడు. రత్నకుమారి మెట్టు మీద కూలబడి వాడి తల ఒళ్లో పెట్టుకుంది. లిఫ్టు పక్కనే ఖాళీగా ఉంది. దాని తలుపు మీద రూలు అంటించి ఉంది. ఆవిడ దాన్ని ఒకసారి చదివింది, బాబ్జీని లిఫ్టులో ఎక్కించి కిందికి దిగింది. అక్కణ్నుంచి ఆటోలో, వాడి వెనక కాళ్లు రుద్దుతూ, నేరుగా పార్కుకు పోయింది.

గేటు దగ్గర గొలుసు తీసింది. "గండయ్యా, ఇది... ఇది నా కుక్క కాదు."

"సరే మేడం," అన్నాడు గండయ్య గంభీరంగా, గేటు తెరిచి ఆకాశంలోకి చూస్తూ.

బాబ్జీ కదిలితేగా! ఆవిడ పాదాల మీద కూర్చున్నాడు. "పోరా," అంది. పోలేదు. "పో! నువ్వెవరివో నాకు తెలీదు!" అని కసిరింది. ఆ మాట అన్నందుకు ఆవిడకే కన్నీళ్లొచ్చాయి. అప్పుడు మెల్లిగా లేచి, వెనక్కి చూసుకుంటూ లోపలికి నడిచాడు. రత్నకుమారి గేటు మూసి, కంచె బయట దారిన పోయే మనిషిలా నిలబడింది. లోపల బాబ్జీ మట్టి వాసన చూశాడు. ఒక గల్లీ కుక్క వచ్చి వాణ్ని వాసన చూసింది. దాని వెనకే మెల్లిగా పార్కు ఆ చివరిదాకా నడిచాడు.

సరిగ్గా అప్పుడే తనిఖీ సారు స్కూటర్ వచ్చి ఆగింది. గండయ్య చేతిలో చాయ్ ఒలికిపోయింది.

"ఆ లాబ్రడార్ ఎవరిది?" అన్నాడు సారు పెన్ను తీస్తూ.

గండయ్య మళ్లీ ఆకాశంలోకి చూశాడు. రత్నకుమారే అంది, "ఎవరిదో... తెలీదండీ."

ఆ గొంతు చాలు. పార్కు ఆ చివర బాబ్జీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. పరుగందుకున్నాడు. వెనక కాళ్లు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి, ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగిపోతోంది, నాలుక గాల్లో ఊగుతోంది. అయినా పరుగే, నిజమైన పరుగు. టైర్లు దాటి, సొరంగం పక్కనుంచి, నవ్వుల క్లబ్బు వాళ్లను చెదరగొట్టుకుంటూ వచ్చి, కంచె మీద ముందు కాళ్లు రెండూ వేసి, జాలీలోంచి ఆవిడ మొహమంతా నాకేశాడు.

సారు ఆ కుక్కను చూశాడు, ఆవిడను చూశాడు. "మీది కాదన్నారే?"

"నాదే," అంది రత్నకుమారి. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ కలిసిపోయాయి. "నాదేనండీ. గండయ్య తప్పేం లేదు, అబద్ధం చెప్పి నేనే లోపలికి పంపాను. ఏం రాసుకుంటారో రాసుకోండి."

"ముందు దాన్ని బయటికి పిలవండి."

బాబ్జీ అప్పటికే వెనక్కి తిరిగి గల్లీ కుక్కల వెంట పడ్డాడు. రత్నకుమారి సారు చేతిని, పెన్నుతో సహా గట్టిగా పట్టుకుంది.

"కాసేపు ఆగండి బాబూ. వాడిప్పుడే పరిగెత్తడం మొదలెట్టాడు."