అరగంట దూరంలో ఒక ఇల్లు

బడి నుంచి ఫోను వచ్చేసరికి నేను ఏలూరులో మా ఆఫీసు మేడ మీద ఫైళ్ళు సర్దుకుంటున్నాను. పదకొండు దాటింది. మాట్లాడింది మా అమ్మాయి క్లాసు టీచరు.

"కంగారు పడకండమ్మా. పాపకి ఆయాసం వచ్చిందండీ. సంచిలో ఉన్న పఫ్ పీల్పించాం గానీ తగ్గట్లేదు. పక్కనే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. మీరు బయల్దేరి రండి."

పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు. నాలుగో ఏట నుంచీ ఆస్తమా ఉంది. మేం తాడేపల్లిగూడెంలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన చేపల మేత కంపెనీలో పనిచేస్తారు. మొదట్లో ఆయన ఆఫీసు గూడెంలోనే కాబట్టి అక్కడ ఇల్లు తీసుకున్నాం. తరవాత ఆయన్ని చెరువుల మీదకి పంపారు. గణపవరం నుంచి కొల్లేటి అంచు దాకా మోటారు సైకిలు మీద తిరగడమే పని. నాకు ఏలూరు బదిలీ అయింది. ఇద్దరం చెరో దిక్కుకీ వెళ్ళిపోయేవాళ్ళం, పాప మాత్రం గూడెం బడిలో ఉండేది. అలా మూడేళ్ళు నడిచింది. నడుస్తోంది కదా అని మేమూ ఊరుకున్నాం.

ఆయనకి ఫోను చేస్తే అందలేదు. చెరువు గట్ల మీద సిగ్నల్ సరిగా ఉండదు. ఆ వేళకి రైలు లేదు. బస్సెక్కాను. భీమడోలు దాటేదాకా బాగానే వచ్చాం. ఉంగుటూరు ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా బస్సు ఆగిపోయింది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందన్నారు. కండక్టరు దిగి చూసి వచ్చి, "ఇప్పట్లో కదలదండీ," అన్నాడు.

పది నిమిషాలు కూర్చున్నాను. పక్కసీటు ఆవిడ జామకాయ కోసి ఉప్పు కారం అద్దుకుని తింటూ నాకో ముక్క ఇవ్వబోయింది. వద్దని తలూపాను. బస్సు దిగి ఆగిన లారీల పక్కనుంచి నడవడం మొదలుపెట్టాను. ఎండ మాడ్చేస్తోంది. చెప్పు తెగింది. తెగినదాన్ని చేత్తో పట్టుకుని ఒక కాలు ఈడుస్తూ నడిచాను. టీచరుకి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం ఏమై ఉంటుందో ఆలోచించకుండా ఉండటానికి లారీల నంబర్లు చదువుకుంటూ నడిచాను. ఉంగుటూరు అవతల ఆటో దొరికింది.

ఆసుపత్రిలో పాప మంచం మీద కూర్చుని ఉంది. మొహానికి మాస్కు పెట్టారు, మందు ఆవిరి బుసబుసమంటూ వస్తోంది. పక్కనే టీచరు. ఆవిడ చీర కొంగంతా తడిసిపోయి ఉంది. పాప దారిలో వాంతి చేసుకుంటే కడుక్కున్నారట.

"ఫోను బడిలోనే మర్చిపోయానండీ. తొందరలో ఎత్తుకుని వచ్చేశాను," అన్నారావిడ.

పాప మాస్కు పక్కకి జరిపి, "అమ్మా, తగ్గిపోయింది. నువ్వు ఆఫీసుకి వెళ్ళిపోవచ్చు," అంది. నన్ను ఓదార్చడానికే అంది. ఆ మాటకి నేను బయటికి వెళ్ళి వరండాలో గోడకి ఆనుకుని నిలబడాల్సి వచ్చింది.

ఆ వారమే ఇల్లు మారాలని నిశ్చయించుకున్నాం. అంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. ఎక్కడికి అన్న దగ్గర మాట కలవలేదు.

నాది ఒకటే షరతు. పాప బడి నుంచి ఫోను వస్తే అరగంటలో నేనక్కడ ఉండాలి. ఏలూరు నడిబొడ్డున ఉందామంటే డాక్టరు గారు బండ్ల పొగ, దుమ్ము వద్దన్నారు. కాబట్టి ఊరి బయట ఉండాలి, ఊళ్ళోకి తేలిగ్గా వెళ్ళి రావాలి. అలా వెతికితే రెండు తేలాయి.

ఒకటి ఏలూరుకి దక్షిణాన, కొల్లేటి వైపు వెళ్ళే దారిలో కొత్తగా వేసిన లేఅవుట్. వెడల్పాటి సిమెంటు రోడ్లు, పిల్లలు ఆడుకోవడానికి ఉయ్యాలలూ జారుడుబల్లా ఉన్న పార్కు, గేటు దాకా వచ్చే బడి బస్సు. ఆదివారం ఆరాధనకి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో చర్చి కూడా ఉంది. మొదటిసారి చూసినప్పుడు పాప ఉయ్యాల దిగనంది. ఇల్లు చూపించిన ఏజెంటు, "పాత బస్టాండుకి పదిహేను నిమిషాలండీ. అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువ పట్టదు," అన్నాడు. మా ఆయనకి అది బాగా నచ్చింది. ఆయన చెరువులన్నీ అటే.

రెండోది దెందులూరులో, హైవేకి కాస్త లోపలగా, ఒక పాత ఇంటి మేడ మీద వాటా. ఏలూరుకి ఆటోలూ బస్సులూ ఎడతెరిపి లేకుండా తిరుగుతుంటాయి. బడి రెండు వీధుల అవతల. కానీ ఊరి చివర రైసుమిల్లు ఉంది. ఊక కాల్చినప్పుడు బూడిద ఎగురుతుంది.

"ఆయాసం ఉన్న పిల్లని తీసుకెళ్ళి మిల్లు పక్కన పెడతానంటావేంటి?" అన్నారు మా ఆయన.

"పక్కన కాదండీ. ఊరికి ఈ చివర ఇల్లు, ఆ చివర మిల్లు."

"గాలికి ఆ చివరా ఈ చివరా ఉంటుందా?"

"మరి ఆ లేఅవుట్ పల్లంలో ఉంది చూశారా? రోడ్డు పక్క పొలాలు దానికంటే ఎత్తుగా ఉన్నాయి. వర్షం వస్తే ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఎవర్ని అడిగారు?"

"అడిగాను. నీళ్ళు నిలవవన్నారు."

"ఎవరన్నారు? ఇల్లు చూపించినాయనేనా?"

ఆయన కంచం ముందునుంచి లేచిపోయారు. మా ఇద్దరి మధ్య గొంతులు పెరగడం తక్కువ. మాటలు ఆగిపోతాయి. పది రోజులు ఇంట్లో పాప ద్వారానే మాట్లాడుకున్నాం. "నాన్నని కూర వేసుకోమను," "అమ్మని బండి తాళాలు ఎక్కడో అడుగు," ఇలా. పాప రెండువైపులా చెప్పీ చెప్పీ ఒకరోజు, "మీరే చెప్పుకోండి," అని పుస్తకం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

చివరికి ఆయనే, "సోమవారం మాట ఇవ్వాలి. లేఅవుట్ ఇంటికి ఇంకెవరో వస్తున్నారట," అన్నారు.

ఆ శనివారం పొద్దున్నుంచీ ముసురు. మబ్బు పట్టి గాలి ఆడకపోతే చెరువుల్లో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే ఆయన రెయిన్ కోటు వేసుకుని వెళ్ళిపోయారు. నాకు సెలవు, పాపకి సెలవు. ఎనిమిది గంటలకి వాన పెద్దదైంది. కిటికీలోంచి చూస్తూ, ఇవాళ ఆ రోడ్డు చూడాలి అనుకున్నాను. పాపకి రెయిన్ కోటు తొడిగి, సంచిలో పఫ్, మందు పీల్చే గొట్టం పెట్టుకుని రైలెక్కాను. పాపని పక్కింట్లో వదలొచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ పాపని బడికి పంపే దారి కదా, పాపతోనే చూడాలి అని నాకు నేను చెప్పుకున్నాను.

ఏలూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. లేఅవుట్ గేటుకి అర కిలోమీటరు ఇవతల చిన్న కల్వర్టు ఉంది. దాని మీదుగా నీళ్ళు పోతున్నాయి. ఆటో అతను ఆపేశాడు.

"ఇంజన్‌లోకి నీళ్ళు పోతాయండీ. ఇక్కడే దిగిపోండి."

నేను గెలిచాను అనుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. దాచను. అక్కడితో వెనక్కి తిరిగితే సరిపోయేది. కానీ ఇళ్ళ దగ్గర ఎంత నిలిచిందో కూడా చూసి చెప్పాలనిపించింది. నీళ్ళు నా పిక్కల దాకానే ఉన్నాయి. పాపని చంకనెత్తుకుని దాటాను. లేఅవుట్ లోపల రోడ్లు కనబడటం లేదు. పార్కులో ఉయ్యాలల కింద నీళ్ళు. వాన ఇంకా పెరిగింది. పాప వీపు నా చేతి కింద అదో రకంగా ఎగసిపడటం మొదలైంది. ఆ కదలిక నాకు తెలుసు.

ఎదురుగా ఒక ఇంటి వరండాలో పెద్దావిడ నిలబడి ఉన్నారు. "ఎవరమ్మా మీరు, ఈ వానలో పిల్లనేసుకుని? లోపలికి రండి," అని కేకేశారు.

లోపలికెళ్ళి పాప తడి బట్టలు విప్పి, ఆవిడిచ్చిన పొడి దుప్పటి చుట్టి, గొట్టంతో మందు పీల్పించాను. నాలుగుసార్లు. మళ్ళీ ఇవ్వాలంటే ఇరవై నిమిషాలు ఆగాలి. ఆవిడ గోడ గడియారం కిందే కూర్చున్నాం. పాప మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది, వస్తోంది. మాట్లాడించడానికి ప్రయత్నించాను. ఒక్కో మాటకీ ఆగుతోంది.

"ఇల్లు చూడ్డానికి వచ్చామండీ," అన్నాను, ఆవిడ అడగకుండానే.

"ఇళ్ళల్లోకి రావమ్మా నీళ్ళు. నాలుగేళ్ళుగా ఉంటున్నాం, ఒక్కసారి కూడా రాలేదు. రోడ్డే మునుగుతుంది. రెండు మూడు రోజులు ఓర్చుకుంటే పోతాయి." ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఏజెంటు కూడా బహుశా ఇళ్ళ సంగతే చెప్పి ఉంటాడు.

మళ్ళీ మందు పీల్పించాను. తగ్గలేదు. పెదవుల రంగు మారుతోందేమోనని పాపని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి వెలుతుర్లో చూశాను. అంబులెన్సుకి ఫోను చేస్తే కల్వర్టు దాకా వస్తామన్నారు. పాపని ఎత్తుకుని ఆ నీళ్ళు మళ్ళీ దాటగలనో లేదో తెలియలేదు. ఇందాకటికంటే పెరిగి ఉంటాయి.

ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా గొడుగు పట్టుకుని వెనక వీధిలోకి వెళ్ళారు. ఎంతసేపైందో. ట్రాక్టరు చప్పుడు వినిపించింది. పక్క పొలం రైతుది. సీటు పక్కన మడ్‌గార్డు మీద నన్ను కూర్చోబెట్టి, పాపని ఒళ్ళో పెట్టి, ఆవిడ కూడా అవతలి వైపు ఎక్కి మా ఇద్దరి మీదా గొడుగు పట్టారు. కల్వర్టు దగ్గర నీళ్ళు ట్రాక్టరు పెద్ద చక్రంలో సగం దాకా వచ్చాయి. రైతు నెమ్మదిగా, ఆగకుండా దాటించాడు. అవతల అంబులెన్సు ఉంది.

మధ్యాహ్నానికి పాప ఊపిరి కుదుటపడింది. ఆయన మూడు గంటలకి వచ్చారు. మోకాళ్ళ దాకా బురద, బట్టలకి చేపల వాసన. పాప తల నిమిరారు. బయటికి వచ్చాక నన్నడిగారు.

"వర్షంలో పాపని ఎందుకు తీసుకెళ్ళావు?"

దారి చూడ్డానికి అని చెప్పబోయాను.

"మీకు చూపించాలనండీ," అన్నాను. "నేనన్నదే నిజమని."

ఆయన తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. "నేనూ ఒకసారి వానలో వెళ్ళి చూసి ఉండాల్సింది," అన్నారు. "చెరువులకి దగ్గరని చూసుకున్నాను." ఆ తరవాత క్యాంటీన్ నుంచి నాకు టీ తెచ్చి ఇచ్చారు.

దెందులూరు ఇంటి విషయంలో ఆయన నా మాట మీద నమ్మకం పెట్టుకోలేదు. నమ్మమని అడిగే హక్కు అప్పటికి నాకూ లేదు. వరసగా మూడు రోజులు తెల్లవారుతూనే అక్కడికి వెళ్ళి, ఇంటాయన్ని అడిగి, మేడ మీద పిట్టగోడ పొడవునా తెల్ల తువ్వాలు తడిపి పరిచి వచ్చారు. సాయంత్రం పని నుంచి తిరిగి వచ్చేటప్పుడు తీసి చూసేవారు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు తువ్వాలు తెచ్చి నా ముందు పరిచారు. నల్లటి నలకలు నాలుగైదు ఉన్నాయి.

"ఇవాళ గాలి ఇటు తిరిగింది," అన్నారు.

ఇద్దరం ఆ నలకల్ని చూస్తూ కూర్చున్నాం. ఈసారి ఎవరం లేచిపోలేదు. ఏ రోజుల్లో గాలి ఎటునుంచి వీస్తుందో ఆయన చెరువుల రైతుల్ని అడిగి తెలుసుకున్నారు. మిల్లు వైపు కిటికీకి అద్దం బిగించుకోవచ్చా అని నేను ఇంటాయన్ని అడిగాను. డాక్టరు గారిని అడిగితే, "ఏ బాధా లేని చోటు మీకు దొరకదమ్మా. తొందరగా చేరుకోగలిగే చోటు చూసుకోండి," అన్నారు. ఆ నెలాఖరుకి దెందులూరు మారాం.

ఆయనకి చెరువులు ఇప్పుడు దూరమయ్యాయి. తెల్లవారుజామునే బయల్దేరతారు. పాప కొన్నాళ్ళు ఉయ్యాలల పార్కు గురించి అడిగి మానేసింది. గాలి తిరిగిన రోజుల్లో కిటికీలు మూసి, తడిగుడ్డతో ఇల్లంతా తుడుస్తాను. పాపకి దగ్గు వస్తే ఇప్పటికీ నా పనంతా ఆగిపోతుంది.

కొత్త బడిలో చేర్చిన రోజున క్లాసు టీచరుని పక్కకి పిలిచి మందు గొట్టం ఎలా వాడాలో చూపించాను. చిన్న వయసు అమ్మాయి. మొదటిసారి పఫ్ ఊపకుండానే నొక్కింది. నేను సరిచేశాను.

"ఉండండి మేడం, నేనే చేస్తాను," అంటూ నా చేతిలోంచి తీసుకుంది. ఊపి, గొట్టానికి తగిలించి, పాప మొహానికి ఆనించి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పాప కళ్ళు పెద్దవి చేసుకుని ఆవిడ లెక్క వింటోంది. పది దాకా వచ్చాక టీచరు నాకేసి చూసి, "మళ్ళీ ఒకసారి చెయ్యనాండీ?" అంది.

"చెయ్యండి," అన్నాను.