పొద్దున పెట్టి సాయంత్రం తీసిన లినక్స్

మామ ఇక లేరని జగిత్యాల ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు, నేను కోరుట్లలోని మా షాపులో కూర్చుని ఆ మామనే తిట్టుకుంటున్నాను. ఆయన తన చేత్తో లినక్స్ ఎక్కించిన కంప్యూటర్ ఆ రోజు ప్రింటర్‌ని గుర్తుపట్టనంటోంది. ఎదురుగా ఆధార్ ప్రింటు కోసం వచ్చిన ఒకావిడ గోడ గడియారం వంక చూస్తోంది. "బాపు పోయిండు" అన్న మాట చెవిన పడ్డాక కూడా నా వేలు ప్రింట్ బొమ్మని ఇంకోసారి నొక్కింది. ఇలాంటప్పుడు మామ ఎప్పుడూ ఒకటే అనేవారు: "జర ఆగు బిడ్డా, అది ఆలోచిస్తాంది." ఆయన గుండె కూడా కాసేపు ఆలోచించి మళ్ళీ కొట్టుకుంటుందేమోనని నిజంగానే అనుకున్నాను.

మేడిపల్లిలో కల్లు గీసే ఇంట్లో పుట్టి, చెట్టెక్కడం ఒంటికి పడక మస్కట్ వెళ్ళిన మనిషి. అక్కడ ఒక ఆఫీసులో టీలు అందించే పనిలో చేరి, కంప్యూటర్ల గదిలో కూర్చునే మలయాళీ ఇంజనీరుతో దోస్తీ కట్టి లినక్స్ నేర్చుకున్నారు. అదేమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. మనమంతా వాడే విండోస్ లాగే అది కూడా కంప్యూటర్‌ని నడిపించేదే. కాకపోతే ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. ఆ పంచడమే ఆయనకి మహా నచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో కంబళ్ళు, సెంటు సీసాలు ఉంటాయి. మామ పెట్టె విప్పితే అన్నీ సీడీలే! "అందరి మొగండ్లు బంగారం తెస్తే ఈయన తళతళలాడే పల్లాలు తెచ్చిండు" అని అత్తమ్మ వాటిలో కొన్నింటిని మక్క చేనులో పిట్టలు బెదరడానికి దారం కట్టి వేలాడదీసింది. మామ కోప్పడలేదు. "పిట్టలకన్న అక్కరకొస్తున్నయ్ తియ్" అని నవ్వారట.

తర్వాత లినక్స్ ఎక్కిస్తానంటూ ఆయన స్కూటరు తిరగని ఊరు లేదు. కొడిమ్యాలలో ఒక విత్తనాల దుకాణాయన మాత్రం మామనే ఓడించి పంపాడు. "ఉత్తగ అస్తదంటున్నవు. మంచిదైతే ఉత్తగెందుకిస్తరే?" అన్నాడు. మామ గంటసేపు ఓపిగ్గా చెప్పారు. అంతా విని ఆయన, "మరి నా దాంట్ల ఉన్న విండోస్ గూడ మా అల్లుడు ఉత్తగనే ఏసిండు గదా" అన్నాడు. మామ టీ తాగి వచ్చేశారు.

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామి ఒకాయన పాపం, మామ మీద గౌరవం కొద్దీ సరేనన్నాడు. పొద్దున లినక్స్ పెట్టారు. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. "అన్నా, అంత మంచిగనే ఉన్నది గని, మా ఆడిటర్ లెక్కలడిగే సాఫ్ట్‌వేర్ దీంట్ల ఎల్తలేదు. ఆయన ఇంకోటి తెరవనంటుండు." సాయంత్రం మామే వెళ్ళి, తన చేత్తోనే తీసేసి, విండోస్ పెట్టి వచ్చారు. ఎక్కించేటప్పుడు ఎంత హుషారో తీసేటప్పుడూ అంతే హుషారు. "ఆయన పని ఆగొద్దు గద బిడ్డా. లినక్స్‌కేం తొందర, అది ఏడికి పోతది?"

నా షాపులో జరిగింది మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. మాది పెళ్ళికార్డుల షాపు. ముహూర్తాల రోజుల్లో, నేను భోజనానికి వెళ్ళి వచ్చేలోగా ఈ మహానుభావుడు నా కార్డుల కంప్యూటర్‌కి కూడా లినక్స్ ఎక్కించేశారు. కథలాపూర్ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి సొంత చేని పసుపు పొట్లం కట్టుకుని మరీ తెచ్చుకున్నాడు, మొదటి కార్డుకి పెట్టి దేవుడి ముందు ఉంచడానికి. కార్డు బయటికి వచ్చీ రాగానే నాలుగు మూలలా భక్తిగా పసుపు అద్ది కళ్ళకద్దుకున్నాడు. తర్వాత చదవబోయాడు. మా పాత తెలుగు అక్షరాల ఫాంట్లు లినక్స్‌లో లేవు కదా, కార్డు నిండా ఇంగ్లీషు అక్షరాలూ, కొక్కేలూ, చుక్కలూ! "సారూ, దీంట్ల మా పోరడు ఏడున్నడు?" అన్నాడాయన.

మామ కూర్చుని కార్డంతా కొత్త అక్షరాల్లో తానే మళ్ళీ కొట్టారు. ఒక్క తప్పు లేదు. పెళ్ళికొడుకు తండ్రి అటు తిప్పి ఇటు తిప్పి, "బాగనే ఉన్నది గని పేపర్ల వార్త లెక్కున్నది. లగ్గం పత్రిక లెక్క లేదు" అన్నాడు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. మామ నా ముఖం చూసి విండోస్ సీడీ అందుకున్నారు. ప్రింట్లు తీసే రెండో కంప్యూటర్ మాత్రం ఆయనకే వదిలేశాను.

మొదటిసారి గుండె నొప్పి వచ్చి తేరుకున్నాక, షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఒకటన్నారు. "మనోళ్ళకు కంప్యూటరంటే భయం లేదు బిడ్డా. పక్కింటోడు వాడనిది వాడాలంటే భయం. ఆగితే ఎవర్నడగాలె? కోరుట్లల నేనొక్కన్నే ఉంటి." తర్వాత, "నేను పోయినంక ఒక్కలన్న వాడుతరంటవా?" అని అడిగారు. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ మాట నవ్వకుండా అడిగారు. "ఎందుకు వాడరు మామా" అన్నాను గానీ, ఎవరి పేరూ చెప్పలేకపోయాను.

కర్మలయ్యాయి. దుబాయిలో ఉన్న మా ఆడబిడ్డ వచ్చి వెళ్ళిపోయింది. అత్తమ్మ రోజూ కూతురిని చూసి మాట్లాడేది మామ పాత ల్యాప్‌టాప్‌లోనే. మా ఆయన తల్లి మీద ప్రేమతో దాన్ని బాగుచేయించి విండోస్ వేయించాడు. మర్నాడు పొద్దున్నే అత్తమ్మ ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టుకుని షాపుకి వచ్చింది.

"గిది ఎవలదే? నాది నాకియ్యి."

"నీదే అత్తమ్మా, కొత్తగ చేయించిండు నీ కొడుకు."

"ఏం కొత్తగ? కిందికెల్లి పచ్చ బొమ్మ నొక్కితే బిడ్డ అస్తుండె. పక్కన దాన్నొత్తితే భజనలస్తుండె. అన్నిటిని ఎటోటు జరిపిండ్రు. నాకు గీ ఖరాబుది వద్దు."

ఆ ల్యాప్‌టాప్‌లో ఇన్నాళ్ళూ ఉన్నది లినక్సేనని అప్పుడు వెలిగింది నాకు. ఊరూరా తిరిగి బతిమాలిన మనిషి, ఇంట్లో భార్యకి మాత్రం ఆ పేరే చెప్పలేదు. బొమ్మలు పెట్టి, నొక్కడం నేర్పి ఊరుకున్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

మామ లినక్స్ పెన్‌డ్రైవ్ సొరుగులోనే ఉంది. ఆయన ఎక్కిస్తుంటే వెనక నిలబడి ఎన్నిసార్లు సణిగానో, ఆ సణుగుడులోనే పనంతా నాకు వచ్చేసినట్టుంది. తడుముకుంటూనే ఎక్కించాను. పచ్చ బొమ్మని ఉండేచోటే పెట్టాను. అత్తమ్మ అంతసేపూ మామ స్టూలు మీద, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంది.

"అత్తమ్మా, మామ లెక్కనే నీకు గూడ లినక్సే కావాల్నా?" అన్నాను.

"లినక్సేందే? గిది కంప్యూటర్" అంది.

పొగాకు దుమ్ము కొంగుకి తుడుచుకుని, పచ్చ బొమ్మ నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. నేను కదలబోతే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగు. అది ఆలోచిస్తాంది."