గూడెంలో భూకంపం, మామ్మగారి కోపం

జ్ఞానప్రసూనాంబ గారికి కోపం రావడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా మనిషి ఉంటే చాలు. మనిషి లేకపోతే ఏది కనిపిస్తే దానితో సర్దుకుంటారు. పాలు పొంగితే పాలాయనకి ఫోన్ చేస్తారు. వాన పడితే టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని నిలదీస్తారు. ఒకసారి చుట్టాలు కొల్లేరు చూపిస్తామని తీసుకెళ్తే, పడవలో కూర్చుని గూడబాతులతో తగువేసుకున్నారు. "అంతంత ముక్కులు పెట్టుకుని ఇంతంత చేపల కోసం కొట్టుకుంటారేంటండీ?" అని. పక్షులనైనా సరే, ఆవిడ అండీ లేకుండా తిట్టరు.

తాడేపల్లిగూడెంలో ఆవిడ మేడమీది వాటాలో అద్దెకున్న రేహానాకి ఒళ్ళు మండేది ఈ అండీతోనే. మామూలుగా తిడితే తిట్టారని నలుగురికీ చెప్పుకోవచ్చు. "బుద్ధుందాండీ మీకు? తడిబట్టలు నా కొత్తిమీర మడి మీద కారేలా ఆరేస్తారాండీ?" అంటే ఎవరికి చెప్పుకోవాలి? భర్త జుబేర్ ఏసీలు బాగుచేసే షాపు నుంచి రాగానే వేరే ఇల్లు చూడమని పోరేది. "పెద్దావిడ కదా, పోనీలే" అనేవాడతను. దాంతో కోపం అతని మీదికి మళ్ళేది. అసలే ఆరో నెల. మామ్మగారిని కడిగెయ్యాలని రోజూ మాటలు కూడగట్టుకునేది. మెట్లు దిగేసరికి అన్నీ మింగేసేది.

ఆవేళ పొద్దున్న పప్పులో తాలింపు పెడుతుంటే స్టవ్ మీద మూకుడు కదిలింది. స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి. నేల కింద లారీ వెళ్తున్నట్టు గుర్రుమంది. అంతే, ఆగిపోయింది. రేహానా స్టవ్ కట్టేసి, గోడ పట్టుకుని కిందికొచ్చింది.

వీధంతా బయటే ఉంది. జ్ఞానప్రసూనాంబ గారు నడిరోడ్డు మీద నడుం మీద చెయ్యేసుకుని మండిపోతున్నారు.

"ఏంటండీ ఈ అల్లరి?" అని పక్కింటి హెన్రీ గారి మీద పడ్డారు. ఆయన రిటైరైన రైల్వే గార్డు. గుండె పట్టుకుని కరెంటు తీగల కింద నుంచున్నారు.

"భూకంపమండీ. చిన్నదేనంట, ఫోన్లో వచ్చింది."

"చిన్నదైతే రావడమెందుకండీ? మీరా తీగల కింద నుంచున్నారేంటండీ? రైళ్ళు నడిపినాయనకి ఆమాత్రం తెలీదా?"

"నడిపేది డ్రైవరండీ. నేను గార్డుని." హెన్రీ గారి మొహం ఎర్రబడింది. "ఇన్నాళ్ళ బట్టి పక్కనుంటూ అది కూడా తెలీదంటే ఎలాగండీ?" అంటూ గుండె వదిలేసి, తీగల కింద నుంచి ఆవిడ మీదికొచ్చారు.

ఆవిడ అప్పటికే కూరల దానమ్మ దగ్గరికి వెళ్ళిపోయారు. దానమ్మ బండి పక్కన కూలబడి ఏడుస్తోంది.

"ఏడిస్తే పుచ్చు వంకాయలు మంచివైపోతాయాండీ?"

దానమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "పుచ్చులా? ఏదండీ, ఒక్కటి చూపించండి."

ఆ తరువాతి వంతు రేహానాది. అరుగు చివర కూర్చుంది, కాళ్ళు రెండూ వణుకుతున్నాయి.

"పైన అంతంత బిర్యానీ డేక్సాలు పెడితే నేల కదలక ఏం చేస్తుందండీ?"

రేహానా లోపల ఏదో తెగింది. "భూకంపం నా డేక్సా వల్ల వచ్చిందాండీ? మేం దిగినప్పటి నుంచీ మీ గోడలు పెచ్చులూడుతున్నాయి. కుళాయి కారుతుంటే బాగుచేయించరు. పైగా రోజూ బట్టల గొడవ. మేం మనుషులం కామాండీ?"

"ఊఁ. ఇంకా?"

ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ అనేసింది. అనేశాక చూసుకుంటే కాళ్ళు వణకడం లేదు.

"ఇప్పుడు కాస్త మొహంలోకి రక్తమొచ్చింది" అని గొణిగి, మామ్మగారు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఆమె వైపు తోశారు. "ఆ సన్‌షేడ్ కింద కాదు, ఇటొచ్చి కూర్చోండి."

రేహానా కుర్చీలోకి మారి వీధి వైపు చూసింది. హెన్రీ గారు గార్డంటే ఎవరో నలుగురికీ గట్టిగా చెబుతున్నారు. దానమ్మ వంకాయలు విరిచి మరీ చూపిస్తోంది. ఎవరికీ భూకంపం గుర్తున్నట్టు లేదు.

ఇంతలో గేటు గొళ్ళెం టకటకమంది. మళ్ళీ వచ్చిందేమోనని రేహానా ఉలిక్కిపడింది. నేల కదల్లేదు. గొళ్ళెం పట్టుకుని నుంచున్న మామ్మగారి చెయ్యి వణుకుతోంది. అందరినీ తిట్టడానికి ఆవిడున్నారు, ఆవిడని తిట్టే ధైర్యం మాత్రం ఆ వీధిలో ఎవరికీ లేదు.

రేహానా కుర్చీలోంచి లేచింది.

"మామ్మగారూ, మొన్న మీరిచ్చిన పనసపొట్టు కూరలో ఆవ చేదెక్కిందండీ. తినలేకపోయాం."

గొళ్ళెం చప్పుడు ఆగిపోయింది. ఆ చెయ్యి తిన్నగా నడుం మీదికి వెళ్ళింది.

"ఏవన్నారండీ?"