పన్నెండు ఇసుక బస్తాలు

మూడేళ్ల కిందటి వానాకాలంలో మా చిన్నాయన పాత మోటారు పడవ ఒకటి చూసుకుని, కొనే ముందు నన్ను తోడు రమ్మన్నాడు. పడవల గురించి నాకేమీ తెలియదు. పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి అన్నీ తెలుస్తాయని మాత్రం మా ఇంట్లో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ కాదనలేదు.

చిన్నాయనది సుల్తానాబాద్ అవతల గోదావరి వైపు ఊరు. బ్యారేజీ కట్టాక ఏటి నీళ్లు వెనక్కి తన్ని, ఊరికీ ఆయన నాలుగెకరాలకూ మధ్య వచ్చి నిలిచాయి. పొలం మునగలేదు, పొలానికి పోయే దారి మునిగింది. గట్టు మీద నిలబడితే మడులు కనిపిస్తాయి. అక్కడికి చేరాలంటే వంతెన మీదుగా చుట్టూ తిరిగి ట్రాక్టరు మీద గంటన్నర. నాట్ల రోజుల్లో అంత తిరుగుడుకు కూలీలు ఒప్పుకోరు. మా చిన్నమ్మ పెద్దరికంలో నాట్లు వేసే గుంపు ఒకటుంది, ఆమెతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్లు. పొద్దున వాళ్లను అటు దించి, సాయంత్రం ఇటు తేవాలి. పడవ అందుకోసమే.

అమ్మే మనిషి ఆదిలాబాద్ వైపు వాడు. అక్కడొక ప్రాజెక్టులో చూడవచ్చినవాళ్లను తిప్పేవాడట. మేం వెళితే పడవ ఎక్కించి రెండు చుట్లు తిప్పాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, పడవలో ముగ్గురమే. ముక్కు పైకెత్తి దూసుకుపోయింది. చిన్నాయన ముందుకు చూడనే లేదు. వెనక్కి తిరిగి కూర్చుని, ఇంజిను చిమ్ముతున్న నీళ్లనే చూశాడు. నలభై ఏళ్లుగా బోరు మోటార్లను ఆయన అట్లాగే చూసి కొన్నాడు. పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి, నీళ్లు ఎంత మందంగా పడుతున్నాయో చూసి, ఊ అంటాడు.

"సూసినవా కొడుకా, నీళ్లెట్ల కొడుతుందో! నా బోరు మోటరు ఐదు హెచ్‌పీ. రెండు వందల ఫీట్ల కాడికెల్లి గుంజుకొస్తది. ఇది పదిహేను. పన్నెండు మందిని గుంజదా?"

లెక్క నాకూ సరిగానే తోచింది. నేను అలవాటు కొద్దీ అడిగే ప్రశ్నలు అడిగాను. ఎన్నేళ్లయింది, ఎన్ని చేతులు మారింది, కాగితాలున్నాయా? అతను దేనికీ తడుముకోలేదు.

"ఏం ఫికర్ పెట్టుకోకు భావూ, ఇంజిన్ ఏక్‌దమ్ మస్తుగుంది. మీ ఏట్లనే నడిపి సూపిస్త, గప్పుడే తీస్కోండ్రి" అన్నాడు. భావు అంటే అటువైపు అన్న.

అన్నట్టే వారానికి ట్రాలీ మీద పడవను మా ఊరి గట్టుకు తెచ్చాడు. ఆ వారంలో పైన వానలు పడ్డాయి, బ్యారేజీ గేట్లు ఎత్తారు. ఆడవాళ్లు సద్ది గిన్నెలతో అప్పటికే గట్టు మీద ఉన్నారు. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన లేచి వచ్చాడు. నలభై యాభై ఏళ్లుగా ఆ ఏట్లో చేపలు పట్టే మనిషి, చిన్నాయనకు వరసకు మామ. ఇంజిను వంక ఒకసారి చూశాడు.

"ఎంతమందిని ఎక్కిస్తవ్ అల్లుడా?"

"పన్నెండు."

ముసలాయన అమ్మే మనిషి వైపు తిరిగాడు. "ఎప్పుడన్న అంతమందిని ఎక్కిచ్చినవా?"

"నలుగురు, ఐదుగురు... గంతే."

"గట్లయితే ముందుగాల ఇసుక బస్తాలెక్కియ్యుండ్రి. మనుషులు తర్వాత."

చిన్నాయన విసుక్కున్నాడు. "పొద్దెక్కుతుంది మామా!"

"ఎక్కనియ్యి. మేం యాడికి పోతం?" అని చిన్నమ్మ ఖాళీ యూరియా సంచి ఒకటి అందుకుంది.

మనిషికో బస్తా నింపారు. ఎవరి బస్తా వాళ్లదే అయింది. "నాది జర తక్కువ నింపవే, నేను గంత లావు లేను" అని ఒకామె. "ఓయబ్బో! మొన్న మంచం పట్టె ఎవలు కూసుంటె ఇరిగిందే?" అని ఇంకొకామె. చిన్నమ్మ తన బస్తా మూతి కట్టి, "అరే, నన్ను ముంగట కూసోబెట్టుండ్రి, పెద్దదాన్ని" అంది. అందరం నవ్వాం. పన్నెండు బస్తాలు, నేను, చిన్నాయన, ముసలాయన, నడపడానికి అమ్మే మనిషి. పడవ అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు మిగిలింది.

అవతలి గట్టుకు నేరుగా పోతే ప్రవాహం కిందికి లాక్కుపోతుంది. దిగువన, బ్యారేజీ కట్టాక మునిగిన ఇంకో పాత ఊరి కరెంటు స్తంభాలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. అందుకని ముక్కు ఎగువకు పెట్టి ఏటవాలుగా పోవాలన్నాడు ముసలాయన. మొదట బాగానే కదిలాం. నడి ఏటికి వచ్చేసరికి ఇంజిను హోరెత్తింది. వెనక నురగ లేచింది, పక్కనుంచి నీళ్లు సర్రున పోతున్నాయి. ఎంత వేగంగా పోతున్నామో అనుకున్నాను. చిన్నాయన నురగను చూసి, "ఆ! కొడుతుంది, కొడుతుంది!" అని అరిచాడు.

"నీళ్లను సూడకుండ్రి. గా స్తంభాన్ని సూడుండ్రి" అన్నాడు ముసలాయన.

చూశాను. మాకు కుడివైపున స్తంభం ఒకటి ఉంది. అది ఉన్నచోటే ఉంది. చాలాసేపు చూశాను, లేదా అట్లా అనిపించింది. ఇంజిను అంత గోల చేస్తోంది, మేం మాత్రం జానెడు కూడా ముందుకు పోలేదు. తర్వాత ఆ స్తంభం మెల్లగా మమ్మల్ని దాటి ఎగువకు పోయింది. స్తంభాలు కదలవని నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మేం వెనక్కి పోతున్నాం.

నడిపే మనిషి ముఖం చూశాను. "ఇంతకంటె రాదు, ఫుల్లు ఇచ్చిన" అన్నాడు. కింది స్తంభాల వరస దగ్గరికొస్తోంది. పడవ కొంచెం అడ్డం తిరిగితే చాలు, అంచు మీదుగా నీళ్లొచ్చేస్తాయి. ఒక అల వచ్చింది కూడా. నా ఒళ్లు తడిసింది.

"పారెయ్యుండ్రి!" అని అరిచాడు ముసలాయన.

నేనూ చిన్నాయనా చెరో కొస పట్టుకుని ముందున్న చిన్నమ్మ బస్తాను అంచు మీదుగా దొర్లించాం. గట్టు మీద నుంచి నవ్వులు వినిపించాయి. "అగో, పెద్దవ్వను పారేసిండ్రు!" రెండోది, మూడోది. "నేను వోయిన్నే!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. నాలుగో బస్తా దగ్గర నవ్వులు ఆగాయి. ఏడు బస్తాలు పోయాక పడవ తేలికపడి, ముక్కు తిప్పుకుని మా గట్టుకే వచ్చి తగిలింది.

పడవ ప్రమాదాల వార్తలు నేను చాలానే రాశాను. పరిమితికి మించి ఎక్కించడం వల్ల అని ప్రతిదాంట్లో రాశాను. పరిమితి ఎంత, అది నిలువ నీళ్లలోనా ఏటి నీళ్లలోనా అని ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు.

"ఇంజిన్ల తప్పు లేదు భావూ" అన్నాడు అమ్మే మనిషి. అతను అబద్ధమాడలేదు.

"లేదు. ఇంజిన్ మంచిదే" అన్నాడు ముసలాయన. "గేట్లెత్తితె ఇది చెరువు గాదు, ఏరు. నిండు పడవ ఎదురెక్కాలంటె గీ ఇంజిన్ సాలది. నలుగురికైతె సాలుతది."

చిన్నాయన గట్టెక్కలేదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆడవాళ్ల వంక చూస్తున్నాడు. ఒకామె సద్ది గిన్నెను రెండు చేతులా కడుపుకు అదుముకుంది.

"ఇయ్యాల ఈళ్లే ఉంటె..." అన్నాడు నాతో, చిన్నగా. "ఏం పారేద్దుమురా?"

చిన్నమ్మే ముందుగా తేరుకుంది. ట్రాక్టరు తెప్పించి, "ఎక్కుండ్రి, సుట్టు తిరిగే పోదాం. పొద్దు పోతే పోయింది" అని అందరినీ ట్రాలీలోకి తోలింది. పడవను తెచ్చిన మనిషి దాన్ని వచ్చిన దారినే తీసుకుపోయాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు.

పొలం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు నాటు అరెకరమే పడింది. పన్నెండుమందీ వరసగా వంగి నాటు వేస్తుంటే చిన్నాయన మడి ఒడ్డు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. పై మడికి నీళ్లు తిప్పమని చిన్నమ్మ రెండుసార్లు కేకేసింది. ఆయన లేవలేదు. నేనే పోయి తిప్పాను.