నీలం షర్టుల టీమ్

షాపులో స్కూల్ యూనిఫామ్ నీలం షర్టులు కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమెరికాలో, చాండ్లర్ ఊళ్లో నేను ఫోర్త్ గ్రేడ్‌కి వచ్చేసరికి క్లాసులో నా స్నేహితులు సగంమంది లేరు. ఓ సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో వాళ్లందరూ అవే నీలం షర్టుల్లో కనిపించారు. ఏదో టీమ్ అనుకుని, నన్ను చేర్చుకోలేదని ఏడ్చాను.

"పాపని ఇంకా ఆ స్కూల్లోనే ఉంచారా? మేం మా పిల్లల్ని చార్టర్ స్కూల్‌కి మార్చేశాం," అంది మా వీధి సునీత ఆంటీ, జాలిగా.

"నడిచి వెళ్లేంత దగ్గర కదండీ," అంది అమ్మ.

ఆ ఏడే మా స్కూల్లో వయొలిన్ టీచర్ని తీసేశారు. నేను సరిగ్గా వాయించనందుకే అనుకున్నాను. వెళ్లిన పిల్లల వెంటే ప్రభుత్వం ఇచ్చే డబ్బూ, ప్రైవేటు సంస్థలు నడిపే ఆ చార్టర్ స్కూళ్లకి వెళ్లిపోతుందని పెద్దయ్యాక తెలిసింది.

నిరుడు నేను చదివిన ఆ పాత స్కూలే మూసేశారు. మొన్న అదే ఆంటీ నన్ను ఆపి, "మా మనవడు నడిచి వెళ్లేంత దగ్గర. అలా ఎలా మూసేస్తారమ్మా?" అని అడిగింది.