పడవకు పూసినట్టు బండికీ పూస్తే

బోగోలు తీరంలో వ్యాన్ నడిపే ఆడమనిషి వనజాక్షి ఒక్కతే. మొగుడు చిన్నబాబు సముద్రం నుంచి తెచ్చిన చేపల్ని పాత పెట్రోలు వ్యాన్‌లో వేసుకుని, తెల్లారేసరికి కావలి మార్కెట్లో దిగుతుంది. మొదట్లో ముసిముసి నవ్వులు నవ్విన వాళ్లే ఇప్పుడు "అక్కా, మా బుట్టలూ ఎక్కించుకో" అని వెంటపడతారు.

అలాంటి బండి, సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసిందో లేదో, రోగాన పడింది. వెనక నల్లటి పొగ, స్టీరింగ్ ముందు ఆరని పసుపు హెచ్చరిక దీపం, పెట్రోలేమో మంచినీళ్లలా తాగేస్తోంది. "ఇంజను పోయింది, తూకానికి అమ్ముకోండి" అని ఊళ్లో తలా ఒకరు తీర్పు చెప్పారు. ఉచిత సలహాలకు మనకెప్పుడు కరువు? వనజాక్షికి అన్నం సయించలేదు. బండి పోతే మళ్లీ గంప నెత్తికెత్తుకుని, ఆటోవాడి దయ కోసం రోడ్డు మీద నిలబడాలి. ఆ బతుక్కి తిరిగి పోవడం ఆమె వల్ల కాదు.

చివరి ఆశగా మొగుణ్ణి వెంటబెట్టుకుని, కావలిలో మెకానిక్ అబ్రహాము దగ్గరికి బండిని తీసుకెళ్లింది. అతను చిన్న యంత్రం తగిలించి చూశాడు.

"పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సరని ఒకటుంటాదక్కా. పెట్రోలు చాలడం లేదు, ఇంకా పొయ్యమని అది ఒకటే పోరు పెడతా ఉండాది. చాలకపోతే నల్లపొగెట్లా వస్తాది? అది చెప్పేది అబద్ధం."

సెన్సర్ వైరు ఊడదీశాడు. కాసేపటికి పొగ పలచబడింది. అబ్రహాము బండి కిందికి దూరి, అక్కణ్ణుంచే కేకేశాడు.

"పాత ఇంజనాయిలు దీని నెత్తిన కూడా పూసిందెవరు? ఇది బయటిగాలి కూడా పీల్చుకోవాల గదా! దాని ఊపిరే మూసేసినారు!"

షెడ్డులో వాళ్లు గొల్లున నవ్వారు. చిన్నబాబు తల వాలిపోయింది. నిషేధం రోజుల్లో పడవ ఇనుముకు ఉప్పుగాలి తగలకుండా ఆయిలు పూస్తూ, అదే కుంచెతో వ్యాన్ అడుగుకీ సందు వదలకుండా పూశాడు మరి.

"నేనేనన్నా. తుప్పు పడతాదని పూసినా," అంది వనజాక్షి.

అబ్రహాము కొత్త సెన్సర్ బిగించాడు. పొగ పోయింది, దీపం ఆరింది. స్టీరింగ్ పట్టుకుని వనజాక్షి అందరి ముందే ఏడ్చేసింది. సిగ్గుపడే తీరిక ఆమెకు లేదు.

దారిలో చిన్నబాబు మెల్లగా అడిగాడు. "నా తప్పు నీ నెత్తినేసుకున్నావేందే?"

"మన బండి అని ప్రేమగా పూసినావు మావా. దానికి వాళ్లు నిన్ను చూసి నవ్వతా ఉంటే నాకు ఓర్వబుద్ధి కాలా," అంది. "ఈసారి పూసేటప్పుడు మాత్రం నన్ను పిలువు."